గుట్టలలో ఎలుగు, చేలలో దుప్పి: వేటతుపాకి నాడును నేడును

సిరిసిల్ల, వేములవాడ, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో ప్రయాణము చేయువారికి పొలముల నడుమ బండరాతి గుట్టలు తరచుగా కానవచ్చును. బండల నడుమ నెరియలు, గుహలు, వాని చుట్టును సీతాఫలపు పొదలు, తునికిచెట్లు, అక్కడక్కడ చెదపుట్టలు. ఎలుగుబంటికి ఇంతకంటె అనుకూలమైన నివాసము వేరొకటి లేదు. మన పల్లెలలో దీనిని గుడ్డేలుగు అందురు. గుట్ట దిగినంతనే మక్కచేలును, పల్లిచేలును మొదలగును. ఉత్తరమున గోదావరి దాటినచో జన్నారము వైపున కవ్వాల అడవులు వ్యాపించి యున్నవి. అచట దుప్పులు మందలుగా తిరుగుచుండును.

ఇట్టి ప్రాంతమున పైరు నష్టపోయిన రైతు, "మన తాతలనాడు దొరలు తుపాకులతో ఎలుగులను, దుప్పులను కొట్టలేదా? నేడు మనకేల ఆ వీలు లేదు?" అని అడుగుట సహజము. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. తుపాకి యేమి చేయగలదో, ఏమి చేయజాలదో, చట్టము దాని నేల ప్రక్కకు పెట్టినదో, తుపాకి లేకుండ పైరును ప్రాణమును కాపాడుకొను మార్గము లెవ్వియో గ్రామస్థు లందరు తెలిసికొనుట అవసరము.

నిజాముల నాటి వేట

కరీంనగరము జిల్లా 1948 వరకు నిజాము రాజ్యములో నుండెను. ఆ కాలమున వేట ప్రభువులకు వినోదము, హోదాకు గురుతు. 1869 మొదలు 1911 వరకు పాలించిన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పులివేటలో ప్రసిద్ధుడు. అడవులలో కొన్ని భాగములు పాలకుల వేటకే ప్రత్యేకింపబడి యుండెను. వానిని షికార్‌గాలు అనుచుండిరి. సిరిసిల్లకు నైరుతిగా, మెదకు, కామారెడ్డి ప్రాంతముల నడుమ నున్న పోచారము అడవి అట్టి వేటభూములలో నొకటి. నేడు హైదరాబాదు నగరపు టంచున కృష్ణజింకలకు ఆశ్రయమైన మహావీర హరిణ వనస్థలియు ఒకప్పుడు నిజాముల వేటచోటే. శిక్షణ నిచ్చిన చీతాలను జింకలపైకి వదలి వేటాడించు ఆచారము కూడ ఆనాడు కలదు.

ఈ వేటలకు కావలసిన శ్రమ యంతయు పల్లెజనులదే. అడుగుజాడలు చూచి త్రోవ చెప్పువారు, మంచె కట్టువారు, డప్పులు మ్రోగించి మృగమును గుట్టనుండి వెడలగొట్టువారు, చచ్చిన మృగమును మోయువారు, అందరును గ్రామస్థులే. తుపాకి మంచెమీద నుండెడిది. గాయపడి తిరుగబడిన ఎలుగుబంటికి ఎదురుపడువాడు మాత్రము చేతిలో డప్పు తప్ప మరేమియు లేని పేదవాడు. తాతలనాటి వేటను తలచుకొనునప్పుడు ఈ సంగతిని కూడ తలచుకొనవలెను.

తుపాకి నిర్మాణము

వేటతుపాకులు స్థూలముగ రెండు తెగలు. మొదటి తెగ తుపాకికి గొట్టము లోపల నునుపుగా నుండును. దానినుండి చిన్న సీసపు గుండ్లు గుంపుగా వెడలి కొంత దూరమునకే బలహీనపడును. మందును, గుండ్లను మూతినుండి కూరెడి నాటుతుపాకి యిట్టిదే. తెలంగాణమున దీనిని భర్మారు తుపాకి అందురు. రెండవ తెగ రైఫిలు. దీని గొట్టము లోపల మెలిదిరిగిన గాడు లుండును. గుండు ఆ గాడుల వెంట సాగి గిరగిర తిరుగుచు బయటికి వచ్చును. వేగముగ తిరుగు బొంగరము ప్రక్కకు వాలక నిలిచినట్లే, తిరుగుచు పోవు గుండు త్రోవ తప్పక దూరము పోవును.

గొట్టపు వెడల్పునుబట్టి రైఫిళ్లలో చిన్నవి, నడిమి తరగతివి, పెద్దవి కలవు. చిన్నవి కుందేలు వంటి జంతువులకును, మిక్కిలి పెద్దవి ఏనుగు, అడవిదున్న వంటివానికిని వాడబడెడివి. దుప్పి, కణుజు, ఎలుగుబంటి వేటకు నడిమి తరగతి రైఫిలు వాడుట పరిపాటి. మన దేశమున ఈ తరగతిలో మిక్కిలి వ్యాప్తి పొందినది పాయింట్ 315 రైఫిలు. దీని గొట్టపు వెడల్పు సుమారు 8 మిల్లీమీటర్లు. గుండు బరువు సుమారు 16 గ్రాములు. ఈ కొలత వాడుకలోనికి వచ్చుటకు ఒక కారణము కలదు. సైన్యమునకు వాడెడి పాయింట్ 303 తూటాలు జనుల చేతికి చిక్కునను భయముచే బ్రిటిషు ప్రభుత్వము ఆ కొలతను సామాన్య పౌరులకు నిషేధించినది. అందుచే వేటగాండ్రు వేరు కొలత తుపాకులను ఆశ్రయించిరి. బెంగాలులోని ఈషాపూరు రైఫిలు కర్మాగారమున పాయింట్ 315 రైఫిళ్లు తయారుచేయబడినవి.

ఈ రైఫిలులో ముఖ్యభాగము బోల్టు. ఇది తలుపు గడియవంటిది. పిడిని పైకెత్తి వెనుకకు లాగినచో కాలిన తూటా గుల్ల బయట పడును. ముందుకు నెట్టినచో పెట్టెలోని క్రొత్త తూటా గొట్టములో చేరును. పిడిని క్రిందికి వంచినచో గడియ బిగిసి తుపాకి మరల సిద్ధమగును. 19వ శతాబ్దపు చివరి దశాబ్దమున జర్మనీలో మౌజరు రైఫిలును, ఇంగ్లండులో లీ ఎన్‌ఫీల్డు రైఫిలును ఈ పద్ధతికి పేరు తెచ్చినవి. ఇది దృఢమైన యంత్రము. దుమ్ములోను, వానలోను సులభముగ మొరాయింపదు. కాని ఒక్కొక్క తూటాకు చేయి నాలుగు కదలికలు చేసి తీరవలెను. కోపించిన ఎలుగుబంటి గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తగలదు. అనగా 25 మీటర్ల దూరమును అది మూడు క్షణములలో దాటును. మొదటి గుండు గురి తప్పినచో రెండవ గుండునకు మిగులు వ్యవధి ఎంతయో పాఠకులే ఊహింపవచ్చును.

గాయపడిన మృగము

తుపాకి పేలినంతమాత్రమున వేట ముగియదు. దుప్పికి భుజము వెనుక, గుండెపై దెబ్బ తగిలినచో అది కొద్దిసేపటిలోనే పడిపోవును. కడుపులో తగిలినచో చాల దూరము పరుగెత్తి, ఏ పొదలోనో గంటల తరబడి బాధపడి చచ్చును. అట్టిది తరచుగా వేటగానికి గాని, మరెవ్వరికి గాని దొరకదు.

ఎలుగుబంటి విషయము మరింత అపాయకరము. దాని ఒడలంతయు దట్టమైన పొడుగు నల్లవెండ్రుకలచే కప్పబడి యుండును. మసకచీకటిలో భుజమెక్కడనో, పొట్టయెక్కడనో తెలియదు. గురి కొంచెము తప్పినను అది గాయముతో గుహలో దూరును. గాయపడిన ఎలుగు మనుష్యుని అలికిడి విన్నంతనే మీదపడు స్వభావము కలది. తుపాకి పేల్చినవాడు ఇల్లు చేరును; మరునాడు మేకలను తోలుకొని అదే గుట్టకు పోవు కాపరి ఏమియు ఎరుగడు. తాను చేయని పనికి అతడు ప్రాణమిచ్చుకొనవలసి వచ్చును.

మరియొక సంగతి. నడిమి తరగతి రైఫిలు గుండు అడ్డము లేనిచో రెండు కిలోమీటర్లకు మించి పోగలదు. బండకు తగిలినచో దిక్కు మారి ఎటు పోవునో చెప్పజాలము. గుట్టకును ఊరికిని నడుమ ఒకటి రెండు చేలు మాత్రమే యున్న మన ప్రాంతములలో, రాత్రివేళ చేనిలో కావలియున్న పొరుగువాని ప్రాణమునకే ఇది ముప్పు.

అడవి ఖాళీ యగుట

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత వేట తగ్గక, పెరిగినది. షికార్‌గాల పాత కట్టుబాట్లు సడలినవి. జీపులు, వెలుతురు చిమ్మెడి పెద్ద దీపములు, తుపాకులు మునుపటికంటె ఎక్కువమంది చేతికి వచ్చినవి. రాత్రివేళ దీపపు వెలుతురు కన్నులలో పడినచో దుప్పి కదలక నిలిచిపోవును. అట్లు నిలిచినదానిని జీపులో కూర్చుండి కాల్చుటకు నేర్పుగాని, ధైర్యముగాని అక్కరలేదు. ఒక్క రాత్రిలో మందలో సగము నశింపవచ్చును.

దీని ఫలిత మెట్టిదో చీతా కథ తెలుపుచున్నది. 1947లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానమున మూడు చీతాలు కాల్చబడినవి. దేశములో నమోదైన చివరి చీతాలు అవియే. 1952లో ఈ జంతువు భారతదేశమున అంతరించినదని ప్రకటింపబడెను. 70 సంవత్సరముల తరువాత, 2022లో, ఆఫ్రికా ఖండములోని నమీబియానుండి చీతాలను విమానముపై తెచ్చి మధ్యప్రదేశములోని కూనో అడవిలో వదలవలసి వచ్చినది. పోగొట్టుకొనుట ఒక రాత్రి పని. తిరిగి తెచ్చుకొనుట తరముల పని.

అట్టి స్థితి దుప్పికిని, ఎలుగునకును రాకుండుటకై క్రమముగ రక్షణచర్యలు మొదలైనవి. పోచారము, పాకాల, ఏటూరునాగారము అడవులు 1952లో అభయారణ్యములైనవి. కవ్వాల 1965లో అభయారణ్యమై, 2012లో పులుల రక్షణ కేంద్రముగ ప్రకటింపబడినది. 2014లో తెలంగాణ ప్రభుత్వము చుక్కల దుప్పిని రాష్ట్ర జంతువుగ ఎన్నుకొన్నది.

చట్టము చెప్పునది

వన్యప్రాణి సంరక్షణ చట్టమును పార్లమెంటు 1972లో చేసినది. ఇది పైనుండి వచ్చిపడినది కాదు. ఇట్టి చట్టము కావలెనని తీర్మానించిన 11 రాష్ట్రముల శాసనసభలలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ శాసనసభయు ఒకటి. మొదట కొన్ని జంతువుల వేటకు లైసెన్సు ఇచ్చు ఏర్పాటు ఈ చట్టములో నుండెను. 1991 సవరణతో అదియు తొలగింపబడినది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఎలుగుబంటియు, కృష్ణజింకయు మొదటి షెడ్యూలులో నున్నవి. వీనిని వేటాడినవారికి మూడేండ్లకు తక్కువ గాకుండ ఏడేండ్ల వరకు జైలుశిక్షయు, 25,000 రూపాయలకు తక్కువ గాని జరిమానాయు విధింపబడును. చుక్కల దుప్పి రెండవ షెడ్యూలులోనిది. దాని వేటయు నేరమే. చంపుట మాత్రమే గాక, ఉచ్చు పన్నుట, విషము పెట్టుట, తరిమి పట్టుట కూడ చట్టము దృష్టిలో వేటయే. మాంసము కొన్నవాడును నేరస్థుడే.

అయినను చట్టము మనుష్యుని ప్రాణమును విస్మరింపలేదు. మీదపడిన మృగమునుండి తన్నుగాని, ఇతరులనుగాని కాపాడుకొనుటకు సద్బుద్ధితో దానిని చంపినచో నేరము కాదు. కాని వేటకు పోయి ప్రమాదములో చిక్కుకొన్నవానికి ఈ మినహాయింపు వర్తింపదు. అట్లు చచ్చిన మృగము ప్రభుత్వపు సొత్తు; దాని గోరుగాని, చర్మముగాని ఎవరును తీసికొనరాదు. ఒక మృగము మనుష్యుల ప్రాణమునకు నిజముగ ముప్పైనచో, దానిని పట్టుటకుగాని, మరే మార్గమును లేనప్పుడు చంపుటకుగాని, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి వ్రాతపూర్వకముగ ఉత్తరువు ఇయ్యవచ్చును.

తుపాకి లైసెన్సు ఉన్నవారు ఒక విషయము గుర్తుంచుకొనవలెను. 1959 ఆయుధముల చట్టము పంటరక్షణకు మూతినుండి మందుకూరు తుపాకిని పేర్కొన్నది. లైసెన్సు తుపాకిని ఉంచుకొనుటకు హక్కు నిచ్చునే గాని, వన్యమృగమును కాల్చుటకు హక్కు నీయదు. అడవిపందుల వలన పంటలకు కలుగు నష్టము అధికమగుటచే, 2021లో తెలంగాణ ప్రభుత్వము సర్పంచుల అనుమతితో, ఎంపికైన తుపాకిగాండ్రచే వానిని కాల్పించుటకు ఏర్పాటు చేసినది. ఆ ఏర్పాటు అడవిపందికే గాని ఎలుగునకు, దుప్పికి వర్తించునది కాదు.

ఎలుగుబంటి స్వభావము

ఎలుగుబంటి మాంసముకొరకు మనుష్యుని వేటాడదు. దాని ముఖ్యాహారము చెదలు, చీమలు, తేనె, పండ్లు. పై దవడలో ముందరి రెండు పండ్లు దానికి లేవు. ఆ సందునుండియే అది చెదలను గట్టిగ పీల్చుకొనును. దుమ్ము చొరకుండ ముక్కురంధ్రములను మూసికొనగలదు. దాని గోళ్లు పుట్టలను త్రవ్వుటకై ఏర్పడినవి. ఎండకాలమున ఇప్పపూలు, మొర్రిపండ్లు, తునికిపండ్లు. వానకాలమునకు ముందు నేరేడు. వానలు వెనుకబడునప్పుడు సీతాఫలము. చలికాలమున రేగుపండ్లు దానికి ప్రియము. గుట్టపై ఇవి తరిగినచో మక్కచేనికి దిగును.

దీని వినికిడియు, చూపును అంత చురుకైనవి కావు. పుట్ట త్రవ్వుచున్నప్పుడుగాని, పండ్లు తినుచున్నప్పుడుగాని మనుష్యుడు దాపునకు వచ్చువరకు గమనింపదు. ఒక్కసారిగ ఎదురుపడినచో బెదరి, పారిపోవుటకు బదులు మీదపడును. పులులున్న అడవులలో తన్ను కాపాడుకొనుటకు అలవడిన గుణమిది. తల్లి చలికాలమున గుహలో ఒకటి రెండు పిల్లలను కనును; బయటికి వచ్చినపిదప వానిని వీపుపై మోయును. పిల్లలున్న తల్లి మిక్కిలి అపాయకరము. ఎలుగు చేయు గాయములు తరచుగా తలకు, ముఖమునకు తగులును.

తునికాకు కోయువారికి

ఏప్రిలు, మే నెలలలో తునికాకు కోతకు తెల్లవారకమునుపే స్త్రీలు, పురుషులు అడవికి పోవుదురు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో ఎందరో స్త్రీలు బీడీలు చుట్టి సంసారములు నడుపుకొనుచున్నారు. ఆ బీడీకి కావలసిన ఆకు ఇట్లు అడవినుండి వచ్చునదే. ఎలుగు పండ్లకై తిరుగు కాలమును, ఆకు కోయువారు అడవికి పోవు కాలమును ఒక్కటే. కావున ఈ క్రింది సంగతులు ఇంటింట తెలిసి యుండవలెను.

ఒంటరిగ పోరాదు, నలుగురైదుగురు కలిసి పోవలెను. బాగుగ తెల్లవారిన తరువాతనే అడవిలో అడుగుపెట్టవలెను. మాటలాడుకొనుచు, కర్రతో చెట్లను తట్టుచు నడువవలెను. మన అలికిడి ముందే విన్నచో ఎలుగు సాధారణముగ తప్పుకొనిపోవును. గుహల ముంగిట, క్రొత్తగ త్రవ్విన పుట్టల దాపున ఆగరాదు. కుక్కను వెంట తీసికొనిపోరాదు. అది ఎలుగును రెచ్చగొట్టి, తరుముకొనివచ్చిన మృగమును యజమాని వద్దకే తెచ్చును.

దూరమున ఎలుగు కనబడినచో నిలిచి, మెల్లగ వెనుకకు నడువవలెను. పరుగెత్తరాదు, రాళ్లు రువ్వరాదు. మీదపడినచో బోర్లపడి, రెండు చేతులతో మెడను తలను కప్పుకొని, ముఖమును నేలకు ఆనించవలెను. అది విడిచిపోయిన తరువాతనే లేవవలెను. గాయపడినవారి పుండ్లను సబ్బుతో, ధారగ పారు నీటితో కడిగి, 108 వాహనమును పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను. పిచ్చికుక్క కాటునకు వేయు టీకా ఇక్కడను అవసరము.

ఎలుగు ఊరిలో చొరబడినప్పుడు జనులు గుమిగూడి కేకలు వేయుట పరిపాటి. ఇంతకంటె పొరపాటు లేదు. చుట్టును మనుష్యు లున్నచో అది పోవుటకు దారి లేక ఎదుటివారిపై పడును. పిల్లలను, పశువులను లోపల ఉంచి, గుట్టవైపు దారి విడిచి, అటవీశాఖవారికి, పోలీసులకు కబురంపవలెను. మత్తుమందు సూదితో పట్టుట శిక్షణ పొందినవారి పని.

పైరు రక్షణ

తుపాకి లేనంతమాత్రమున చేను దిక్కులేనిది కాదు. మంచెపై కావలి మనకు తరతరములుగ తెలిసినదే. చేను చేనుకు ఒంటరిగ కావలియుండుటకంటె, గుట్టకు చేరువనున్న రైతులు వంతులు వేసికొని కూడి కాచుట మేలు. డప్పు, దీపము, చేనుచుట్టు కట్టు పాతచీరలు, గాలికి మెరిసెడి రిబ్బనులు దుప్పులను బెదరించును. ఏ ఉపాయమైనను కొన్ని దినములకు మృగములకు అలవాటగును గనుక, మార్చి మార్చి వాడవలెను. మక్క కంకులు పండినపిదప గుట్ట ప్రక్కచేనిలో నిలువ ఉంచక త్వరగ కోసి ఇల్లు చేర్చవలెను.

సూర్యరశ్మితో పనిచేయు కంచె మంచి సాధనము. దానిలో విద్యుత్తు క్షణమాత్రము ఆగి ఆగి ప్రసరించుటచే మృగము అదరి వెనుకకు పోవునేగాని చావదు. కరెంటు స్తంభమునుండి నేరుగ తీగ లాగి చేనుచుట్టు కట్టుట మాత్రము మహాప్రమాదము. ఆ తీగకు ఇది దుప్పి, ఇది పొరుగువాని యెద్దు, ఇతడు రాత్రి నీరు పెట్టుటకు వచ్చిన కన్నకొడుకు అను భేదము తెలియదు. అడవిపందికి పెట్టిన తీగకు తమవారినే పోగొట్టుకొన్న కుటుంబములు కలవు. ఉచ్చులును ఇట్టివే.

నష్టము జరిగినప్పుడు ఊరకుండరాదు. పాడైన చేనిని, అడుగుజాడలను ఛాయాచిత్రములు తీసి, జాగు చేయక అటవీ కార్యాలయములో దరఖాస్తు ఇయ్యవలెను. పశువు చచ్చినచో కళేబరమును కదల్పక కబురు చేయవలెను. మృగముల దాడిలో మరణించినవారి కుటుంబమునకు ఇచ్చు పరిహారము 2023 డిసెంబరులో 5 లక్షల రూపాయలనుండి 10 లక్షలకు పెంచబడినది. గాయపడినవారికి, పశునష్టమునకు, పంటనష్టమునకు వేరువేరుగ ఏర్పాట్లు కలవు. ఇది దయగా ఇచ్చునది కాదు. గ్రామస్థుడు అడిగి పొందదగినది. దరఖాస్తు వ్రాయుట తెలియనివారికి పంచాయతీ పెద్దలు, చదువుకొన్న యువకులు తోడ్పడుట ధర్మము.

గుట్ట పచ్చగా నున్నచో

చేనికి దిగు మృగము ఆకలితోనో, దాహముతోనో దిగును. గుట్టలు కంకరకై పగిలి, సీతాఫలపు పొదలు కాలి, ఎండకాలమున గుంటలు ఎండినచో ఎలుగు ఎచటికి పోవును? గుట్టపై మొర్రి, నేరేడు, తునికి, రేగు చెట్లను నిలుపుట, ఎండకాలమున అడవిలోని నీటిగుంటలు నింపుట, అడవికి నిప్పు పెట్టకుండుట, ఇవి మృగముపై జాలితో మాత్రమే చేయు పనులు కావు. చేనికి వేసికొనిన మొదటి కంచె అదియే.

నడిమి తరగతి రైఫిలు చక్కని యంత్రమే. కాని గుట్ట ప్రక్కన బ్రతుకు రైతునకు అది కలిగించు అపాయము చేయు మేలుకంటె హెచ్చు. దాని స్థానమున నలుగురి కావలి, పగటివెలుతురున ప్రయాణము, కంచె, దరఖాస్తు, పచ్చని గుట్ట నిలువవలెను. రానున్న తునికాకు కాలమునకు ముందే ప్రతి గ్రామసభలోను ఈ జాగ్రత్తలను చదివి వినిపించి, అడవికి పోవు ప్రతి స్త్రీకి, ప్రతి కాపరి పిల్లవానికి తెలియజేయుట మన అందరి బాధ్యత.